కొమ్ము ఊదందే కదలని రాగులు

మా ఇంట్లో ధాన్యం ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం లేదు. మా అవ్వకు ఈ మాట ఆమె అత్తగారు చెప్పింది. నాకు మా అవ్వ చెప్పింది. ఇప్పుడు ఇంట్లో చెప్పించుకునేవాళ్ళు ఎవరూ లేరు గనుక రాసి పెడుతున్నాను.

సర్జాపురం పక్కన మాకు ఒక ఊరుండేది. ఊళ్ళో పొలాలుండేవని కాదు, ఊరే ఉండేది. తాతగారి వ్యాజ్యాలూ నాన్నగారి విందులూ కలిసి దాన్ని అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, యుద్ధం నాటికి ఒక మెట్టచేను, కప్పు లేని చావడి, ఒక పాతర మిగిల్చాయి. పాతర అంటే ధాన్యం దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. అందులో రాగులు పోసి మూత వేసి మట్టి మెత్తితే ఏళ్ళ తరబడి పురుగు ముట్టదు. కాకపోతే బయటికి తీసినప్పుడు ఒక వాసన వస్తుంది. తడిమన్నూ పాతగోనే కలిసిన వాసన. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. మా అవ్వ కళ్ళు మూసుకుని పీల్చేది.

ఇంకొకటి కూడా మిగిలింది. కొమ్ము. మా ధాన్యం బండి కదిలితే ముందు కొమ్ము ఊదేవాడు నడవాలి. ప్రతి పొలిమేర దగ్గరా ఆగి ఊది, "దొరవారి ధాన్యం వస్తా ఉండాది, దోవ ఇడవండి!" అని కేక వెయ్యాలి. ఆ కొమ్ము వినబడితే మా ఇంటి మగవాళ్ళు ఏ పనిలో ఉన్నా లేచి నిటారుగా నిలబడాలి. నాన్నగారు సగం గడ్డం గీయించుకున్న ముఖంతో నిలబడటం నేను చూశాను. తాతగారు చలిజ్వరంలో దుప్పటి కప్పుకునే లేచి నిలబడి, బండి దాటాక మళ్ళీ పడుకున్నారట. నాకు నడక వచ్చిన రోజు నుంచీ ఇది అలవాటు. అలవాటు అనడం కూడా తక్కువే. కొమ్ము వింటే నా మోకాళ్ళు నన్ను అడగవు.

నాన్నగారు పోయాక నేనూ అవ్వా బెంగళూరు పేటలో, వరసగా అద్దె ఇళ్ళున్న ఒక వఠారంలో రెండు గదులు తీసుకున్నాం. నేను ఒక బట్టల అంగడి వ్యవహారాలు చూసేవాణ్ణి. దాన్ని గుమాస్తాగిరీ అనేవారు కొందరు ఉండేవారు, వాళ్ళతో నేను మాట్లాడేవాణ్ణి కాదు. ఏటా ఊరి నుంచి రాగుల బండి వచ్చేది, ముందు కొమ్ము వచ్చేది. పేట వీధిలో కుక్కలన్నీ దానికి జవాబు చెప్పేవి. అవ్వ గడపలో నిలబడి బండిని దించుకునేది. అలా గడిచిపోయింది, యుద్ధం వచ్చి ధాన్యానికి కంట్రోలు పెట్టేదాకా.

కంట్రోలు వచ్చాక పల్లెల్లో పండినదాన్ని సర్కారు కొలుచుకుని తీసుకుపోయేది. పట్నంలో వీధికో డిపో పెట్టి కార్డు చూపినవాళ్ళకు కొలిచి ఇచ్చేది. ఈ రెంటికీ మధ్య రోడ్డు మీద ఒక గేటు. పల్లె నుంచి ఎవరైనా సొంతంగా గింజ తెస్తే అక్కడ పట్టుకునేవారు. మా బండి ఆగిపోయింది. ఇంటింటికీ కార్డులు తెచ్చి పంచారు. అవ్వ మా కార్డును తీసుకుని చూరులో దోపేసింది.

"మనకు పెట్టేదానికి ఆ సర్కారు ఎవురు?" అంది. "ఒకరు కొలిచి పోస్తే చెంగు పట్టేది మన ఇంట్లో లేదు."

వఠారంలో పక్కింటావిడ మంచిది. భర్త సర్కారు కచేరీలో ఉద్యోగి. అవ్వను ఒప్పించాలని వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"ఏమవ్వా, కార్డు అట్లనే పెట్టుకోనుండావంట? మా ఆయన పొద్దున్నే పోయి క్యూలో నిల్చుకొని తెచ్చె."

"నిల్చుకొంటే ఇస్తారా?"

"ఇస్తారు అవ్వా, సర్కారు."

"సర్కారుకు యాడినుంచి వచ్చె?"

"డిపో నుంచి."

"డిపోకు?"

"లారీ నుంచి."

"లారీకి?"

పక్కింటావిడ చాలాసేపు ఆలోచించింది. "అది నాకు తెల్దు అవ్వా. సాయంత్రం ఆయన్ని అడిగి చెప్తా."

అవ్వ నా వైపు తిరిగి, "చూసినావా, అబ్బయ్యా? వీళ్ళు రాగులు లారీలో మొలుస్తాయనుకోనుండారు. వీళ్ళ నడాన నిన్ను నిలబెట్టమంటావా?" అంది.

ఇంట్లో పాత రాగులు అయిపోయాయి. చాటుగా అమ్మేవాళ్ళు ఉండేవారు గానీ, దొంగ రాగులు అవ్వ దృష్టిలో సర్కారు రాగుల కంటే హీనం. నేను మధ్యాహ్నం అంగడి పక్క హోటల్లో భోంచేసేవాణ్ణి. హోటలు బియ్యం ఎక్కడివని అడగడం మర్యాద కాదు గనుక అడగలేదు. అవ్వ మాత్రం ఉడకబెట్టిన గెణుసుగడ్డలు, శనక్కాయలు, బెల్లం ముక్కతో కాలం గడిపింది. అంతకుముందు రాగి సంగటి ముద్ద లేకుండా ఆమె జీవితంలో పూట గడవలేదు. గొంతు తగ్గలేదు, తిట్లు తగ్గలేదు, కానీ గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. ఒకరోజు గడప దాటబోయి గోడ పట్టుకుని నిలబడింది. "ఏమీ లేదు, గోడ బాగుండాదా లేదా అని చూస్తాండా" అంది. ఆ మర్నాడే నేను ఊరికి బయల్దేరాను. మా పాతర రాగులు తేకపోతే అవ్వ దక్కదు. అంతే సంగతి.

ఊళ్ళో మా చేను చూసే రైతు నన్ను చూసి సంతోషించాడు. అతని భార్య మజ్జిగ ఇస్తూ అడిగింది.

"దొరా, పట్నంలో సర్కారు ముద్దలు చేసి ఇంటింటికీ పంచుతాదంట కదా? మా చిన్నాయన చెప్పినాడు."

"పంచదు. వరసలో నిలబడాలి" అన్నాను.

"నిలబడితే ముద్ద పెడతారా?"

"రాగులు ఇస్తారు."

"అవి మా రాగులే!" అన్నాడు రైతు. "మొన్న వచ్చి కొల్చుకొని పోయిరి. మీకు కావాలంటే నేనే నేరుగా ఇచ్చేవాణ్ణి కదా, నడాన ఆ గేటు ఎందుకంట?"

నేను మజ్జిగ తాగేశాను.

మాట్లాడుకుని ఒక ఉపాయం తేల్చాం. ఉపాయం రైతు భార్యది. పరుపులో దూది తీసేసి రాగులు నింపి కుట్టాలి. దిండ్లు కూడా అంతే. దాని మీద ఒక రోగిని పడుకోబెట్టి పట్నం ఆసుపత్రికి అని బండి తోలాలి. బండి రైతు తోలుతాడు గనుక రోగి నేనే.

"గేటు కాడ ఏమి రోగమని చెప్పాల?" అన్నాడు రైతు. "కడుపునొప్పి అంటాను."

"మా వంశంలో కడుపునొప్పి లేదు."

"మీ వంశంలో ఏమి రోగం ఉండాది దొరా?"

"గుండె."

"సరే, గుండె. కొంచెం మూలుగుతారా?"

"మూలగను."

"ఊరికే, గేటు కాడ మాత్రం."

"మా వాళ్ళు చనిపోయేటప్పుడు కూడా మూలగలేదు."

రైతు తన భార్య వైపు చూశాడు. ఆమె మజ్జిగ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళి నవ్వి మళ్ళీ వచ్చింది.

మేం పరుపు కుడుతుండగా కొమ్ము తాత వచ్చాడు. మా తాతగారి కాలం నుంచి కొమ్ము ఊదినవాడు. పళ్ళు పోయినా ఊపిరి పోలేదు. పరుపు చూశాడు, పాతర మూత తీసి ఉండటం చూశాడు.

"ఎప్పుడు బయలెల్లేది సామీ?" అన్నాడు.

"తాతా, ఈ తడవ కొమ్ము వద్దు. చప్పుడు కాకుండా పోవాల" అని రైతు గట్టిగా చెప్పాడు. నేనూ చెప్పాను.

తాత తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడాన్ని మేం ఒప్పుకోవడం అనుకున్నాం.

పొద్దు పొడవగానే బండి కట్టాం. రాగుల పరుపు మీద పడుకున్నవాళ్ళు లోకంలో ఎక్కువమంది ఉండరు గనుక చెబుతున్నాను. రాగి గింజ ఆవగింజంత ఉంటుంది, నున్నగా ఉంటుంది. ఎడమ చక్రం గుంతలో పడితే పరుపంతా ఎడమకు ప్రవహిస్తుంది. రోగి కూడా ప్రవహిస్తాడు. చందాపురం చేరేసరికి నా తల ఒక చెరువులోనూ కాళ్ళు ఒక కొండమీదా ఉన్నాయి. అయినా వెన్ను వంచలేదు. చందాపురం కూడలిలో ఎడ్లకు నీళ్ళు పెడుతుంటే నలుగురు చేరి నన్ను చూసి "అయ్యో పాపం" అన్నారు. ఒక ముసలామె నా నుదుట విభూతి పెట్టి పోయింది.

చందాపురం దాటి పట్నం వైపు కొంతదూరం వచ్చాక గేటు. రోడ్డుకు అడ్డంగా వెదురు, పక్కన పూరిపాక, పాకలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్ద వయసు అధికారి, ఒక బంట్రోతు. రైతు దుఃఖంగా ముఖం పెట్టాడు.

"మా దొర సామీ. గుండె. ఆస్పత్రికి తీసకపోతాండా."

అధికారి బండి దగ్గరికి వచ్చి వంగి చూశాడు. నా నుదురు ముట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే జాలి కనబడింది.

"ఏమప్పా, ఇంత బిర్రుగా పండుకోనుండాడు?" అన్నాడు.

"ఎప్పుడూ ఇంతే సామీ" అన్నాడు రైతు, నిజాయితీగా.

"చూడు, మెడ చూడు. వెన్ను చూడు, కట్టె మాదిరి ఉండాది. ఇది గుండె కాదప్పా, ధనుర్వాతం! ఒక మూలుగైనా లేదు, అది ఇంకా చెడ్డది. బిన్నే పో, బిన్నే పో! ఏయ్, గేటు ఎత్తరా!"

వెదురు లేచింది. బండి కదిలింది. నా వంశమర్యాద జీవితంలో మొదటిసారి నాకు పనికి వచ్చిందని అనుకున్నాను.

అప్పుడు కొమ్ము మోగింది.

కంబళిలో కొమ్ము చుట్టుకుని, అడ్డదోవన చేలమీదుగా మాకంటే ముందే వచ్చి, కొమ్ము తాత గేటు అవతల రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. పట్నం పొలిమేర అది. మా ధాన్యం పొలిమేర దాటుతోంది. ఆయన తన పని తాను చేశాడు. చెంపలు బూరెల్లా పొంగించి, ఎడ్లు అదిరేట్టు, గేటు మీది కాకులు లేచేట్టు ఊది, "దొరవారి ధాన్యం వస్తా ఉండాది, దోవ ఇడవండి!" అని కేక పెట్టాడు.

నేను లేచి నిలబడ్డాను.

నిలబడాలని నిర్ణయించుకోలేదు. బండి మీద, పరుపు మధ్యలో, నుదుట విభూతితో, నిటారుగా నిలబడి ఉన్నానని తర్వాత తెలిసింది. ఆ లేవడంలో పరుపు కుట్టు తెగి, రాగులు బండి సందుల్లోంచి రోడ్డు మీదికి జలజలా కారడం మొదలుపెట్టాయి.

అధికారి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను చూశాడు. రాగుల్ని చూశాడు. తాతను చూశాడు.

"రోగికి నయమయినట్టుండాదే" అన్నాడు.

"ఆ కొమ్ముకు అట్లాంటి గుణం ఉండాది సామీ" అన్నాడు రైతు, చివరి ఆశగా.

"నువ్వు ఎవురప్పా?" అని అధికారి తాతను అడిగాడు.

"కొమ్ము ఊదేవాణ్ణి సామీ."

"ఇప్పుడెందుకు ఊదినావు?"

"రాగులు పోతాండాయి కదా" అన్నాడు తాత, ఇంత పెద్ద అధికారికి ఇది కూడా తెలియదా అన్నట్టు.

బంట్రోతు పాక వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాడు. నేను నిలబడే మొత్తం సంగతి అధికారికి చెప్పాను. మేం ఎవరమో, అవ్వ ఎందుకు తినడం లేదో, పడుకున్నందుకు నేను ఎంత సిగ్గుపడుతున్నానో. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ఠాణాకు రాయాల నిజానికి. రాస్తే ఏమని రాయాల? దొర లేచి నిల్చుకొనె అనా? పో, మీ జోలికి రాను. కానీ రాగులు ఇడిచేదానికి లేదు, డిపోకు పోవాల. మీరుండేది ఏ వీధి?" చెప్పాను. "ఆ డిపోలో నిన్నటినుంచి రాగిగింజ లేదని గోల. మీ బండిలోనే తీసకపోయి ఆడ దించేయండి. మావాడు తోడు వస్తాడు."

"కొమ్ము?" అన్నాడు తాత.

"ఊదుకో తాతా. ఇంగ దాచేదానికి ఏముండాది?"

అలా మా రాగులు సర్కారు సొత్తుగా బెంగళూరులో అడుగుపెట్టాయి. ముందు కొమ్ము తాత, బండిలో పరుపు మీద సర్కారు బంట్రోతు, వెనక నేను నడుస్తూ. ప్రతి సందు మొగలోనూ తాత ఊదాడు. పేట వీధిలో కుక్కలన్నీ జవాబు చెప్పాయి. డిపో ముందున్న క్యూ అంతా మెడలు తిప్పింది.

అవ్వ విన్నది. ఎన్నో రోజులుగా అరుగు దాటని మనిషి గోడ వదిలి వీధిలోకి వచ్చింది. బండి మా ఇంటి ముందు ఆగకుండా సాగి డిపో ముందు ఆగింది.

"ఎవురి రాగులు?" అంది.

"మనవే అమ్మణ్ణీ" అన్నాడు తాత. "మన పాతరవే."

"అట్లయితే ఆడెందుకు దించుతాండారు?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పినా ఆమె ఇక ముద్ద ముట్టదు. ఇంతలో బంట్రోతు, పరుపు మీంచి దిగుతూ, ఉన్న సంగతే చెప్పాడు.

"డిపోలో గింజ లేదు అవ్వా. జనానికి పెట్టేదానికి సర్కారు మీ రాగులు తీసుకొనె."

అవ్వ వీపు నిటారైంది. నా వీపు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"సర్కారుకు గతి లేక మన పాతర కాడికి వచ్చిందా!" అంది, వీధంతా వినేట్టు. "అది ముందే చెప్పి ఏడిస్తే ఏమి? మన గింజ మనం తింటే తప్పేముండాది? అబ్బయ్యా, చూరులో ఆ కార్డు తీసుకొని పోయి నిల్చుకో."

నేను కార్డు తీసుకుని వెళ్ళాను. క్యూలో సందు దొరికితే దూరబోతుంటే అరుగు మీంచి కేక వినబడింది.

"యాడికి? ఆఖర్న! పెట్టే ఇంటివాళ్ళు తక్కినోళ్ళంతా కొలిపించుకున్నాక తీసుకోవాల. మరిచిపోయినావా?"

మరిచిపోలేదు. మా ఇంటి ఆచారం అదే. నేను చివరికి వెళ్ళి నిలబడ్డాను. నా వెనక ఎవరు వచ్చినా "మీరు ముందు" అని పంపించాను. కొందరు దండం పెట్టి వెళ్ళారు, కొందరు అనుమానంగా జేబు తడుముకుని వెళ్ళారు. ఒక పెద్దమనిషి, "లేదు లేదు, మీరే ముందు" అని మర్యాదకు పోయాడు. నేను వెనక్కి జరిగాను. ఆయనా వెనక్కి జరిగాడు. ఇద్దరం అలా వీధి మలుపు దాకా పోయాక ఆయన ఓడిపోయాడు.

కానీ తూకం దగ్గర రాగుల రాశి తగ్గిపోతోంది. నిన్నటి నుంచి లేని రాగులు వచ్చాయని తెలిసి వీధి వీధంతా సంచులతో వస్తోంది. డిపో మనిషి నన్ను చూసి, "ఏమప్పా, ఇట్లనే వెనక్కి పోతా ఉంటే నీకు ఏమీ మిగల్దు" అన్నాడు. ముందుకు కదిలితే అవ్వ తినదు. కదలకపోతే తినడానికి ఉండదు. అరుగు మీద ఆమె గాజులు మోచేతి దగ్గర నుంచి సర్దుకుంటూ నన్నే చూస్తోంది. నేను కదలలేదు.

అప్పుడు మా పక్కింటావిడ వంతు వచ్చింది. సంచిలో రాగులు పడగానే ముక్కు ముడిచింది.

"ఇదేమి వాసన? చెడిపోయిండాయి! లారీ రాగులు ఇట్ల ఉండవు. నాకొద్దు, రేపు మంచివి వచ్చినప్పుడు ఇయ్యండి."

ఆమె వెనకావిడ సంచిలో చెయ్యి పెట్టి వాసన చూసి తుమ్మింది. "మన్ను వాసన, మన్ను వాసన!" అని మాట క్యూలో వెనక్కి పాకింది. మట్టికీ రాగులకూ ఏం సంబంధమని అందరూ తప్పుకున్నారు. చూస్తుండగానే వీధి ఖాళీ అయింది. నేను తూకం దగ్గరికి నడిచి వెళ్ళాను. రాశిలో మంచి భాగం అలాగే ఉంది. డిపో మనిషి తన తుండుగుడ్డ ముక్కుకు కట్టుకుని కొలిచి పోశాడు.

ఆ పూట అవ్వ సంగటి కెలికింది. ఆవిరి లేవగానే వఠారంలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. అవ్వ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద పెట్టుకుని, కొమ్ము తాతకూ రైతుకూ నాకూ పెట్టింది. పక్కింటావిడ తలుపు వైపు చూసి, "పాపం, వాళ్ళకి సర్కారు తప్ప దిక్కు లేదు" అంది.

కొమ్ము తాత తిరిగి ఊరికి పోలేదు. సర్కారు మన ధాన్యం పంచుతున్నప్పుడు ఊదకపోతే ఎలా అని డిపో చూరు కింద కాపురం పెట్టాడు. గింజ వచ్చిన రోజున ఊదేవాడు. డిపో మనిషి మొదట కోప్పడ్డాడు, తర్వాత ఆ కొమ్ము విన్నాకే తలుపు తీసేవాడు, ఎందుకంటే వీధిలో ఎవరూ అది వినకుండా సంచి పట్టుకుని బయటికి వచ్చేవారు కాదు. నేను ఆ క్యూలో ప్రతిసారీ చివరనే నిలబడ్డాను. వచ్చే రాగుల్లో పాతర వాసన తగ్గిందని అవ్వ గమనించింది. "మనవాళ్ళు మూత సరిగా మెత్తడం లేదు" అంది. తినడం మానలేదు. గాజులు మళ్ళీ మణికట్టు దగ్గరికి దిగాయి.

యుద్ధం అయిపోయి కొంతకాలానికి కంట్రోలు ఎత్తేశారు. డిపో మూశారు, కొమ్ము తాత తిరిగి ఊరు చేరాడు, గేటు వెదురు ఎవరో పందిరికి తీసుకుపోయారు. ఊరి నుంచి మళ్ళీ మా బండి కొమ్ము ముందుండి వచ్చి మా గడప దగ్గరే ఆగింది. నేను లేచి నిలబడి ఉన్నాను. అవ్వ రాగులు దించుకుంటూ మూతపడ్డ డిపో తలుపు వైపు చాలాసేపు చూసింది.

"పోనీలే, అబ్బయ్యా" అంది. "సర్కారు కూడా తన కాళ్ళమీద తాను నిలబడె."